ఇరున్‌లో దిగండి: నాలుగు కప్పులు గెలిచిన సరిహద్దు పట్టణంలో నాలుగు రోజులు

సాన్ సెబాస్టియన్ సముద్రతీరం చూడాలని ఫ్రాన్స్ వైపు నుంచి రైల్లో వచ్చేవారిలో చాలామంది ఇరున్ పట్టణాన్ని కిటికీలోంచి చూసి వదిలేస్తారు. పట్టాలు, గోదాములు, లారీలు నిలిపే స్థలాలు, వరుసగా నిలబడిన అపార్ట్‌మెంట్లు తప్ప అక్కడ ఏమీ కనబడదు కనుక వారిని తప్పుపట్టలేం. నేను కూడా ఉద్యోగరీత్యా ఫ్రాన్స్‌లోని తుళూజ్‌లో ఉంటున్న ఆరేళ్లలో మూడుసార్లు అలాగే దాటి వెళ్లాను. ఈసారి మాత్రం విజయవాడ నుంచి వచ్చిన మా మామయ్యగారితో కలిసి, ఆ ఊళ్లోనే మూడు రాత్రులు ఉండేటట్లు అక్టోబరు నెలలో ప్రయాణం పెట్టుకున్నాను. కారణం ఒక్కటే. స్పెయిన్‌లో ఈనాడు మూడో, నాలుగో శ్రేణి లీగుల్లో ఆడుతూ, మన పత్రికల్లో ఎన్నడూ పేరు కనబడని రియల్ ఉనియోన్ అనే ఫుట్‌బాల్ జట్టు ఈ ఊరిది. ఆ జట్టు ఖాతాలో ‘రాజు కప్పు’ అని పిలిచే స్పెయిన్ జాతీయ కప్పులు నాలుగున్నాయి. స్పెయిన్ మొదటి శ్రేణి లీగైన లా లీగాను ఆరంభించిన పది జట్లలో అదొకటి.

మామయ్యగారు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, శాకాహారి, మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువ నడవలేరు. అందువల్ల నేను రాసే వసతి, భోజనం, రవాణా వివరాలు పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఎక్కువగా ఉపయోగపడతాయి.

తుళూజ్ నుంచి బయోన్ మీదుగా ఫ్రాన్స్ వైపు చివరి స్టేషనైన ఆండాయ్ చేరుకున్నాం. 1940 అక్టోబరు 23న హిట్లర్, స్పెయిన్ నియంత ఫ్రాంకో కలుసుకున్నది ఈ స్టేషన్‌లోనే. ఇక్కడ దిగి, పక్కనే ఉన్న చిన్న స్టేషన్‌లో ‘టోపో’ అని పిలిచే, సరిహద్దుకు రెండువైపులా సొంత భాషతో ఉన్న బాస్క్ ప్రాంతపు రైలెక్కితే బిదసోవా నది దాటి కొద్ది నిమిషాల్లో ఇరున్ నడిబొడ్డున దిగవచ్చు. టోపో అంటే నేలలో బొరియలు చేసుకునే చుంచు వంటి జంతువు. సాన్ సెబాస్టియన్ వరకూ వరుసగా సొరంగాలున్న ఈ 1912 నాటి మార్గానికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. రైలు శుభ్రంగా ఉంది, ప్లాట్‌ఫారం ఎత్తు పెట్టె గుమ్మానికి సమానంగా ఉండడంతో మామయ్యగారు మెట్టెక్కే పని లేకుండా నేరుగా లోపలికి నడిచారు. ఆయన ముందుగా చూసింది పట్టాలను. “అల్లుడుగారూ, ఇది మీటర్ గేజ్!” అన్నారు, చాలా కాలం కిందట దూరమైన చుట్టాన్ని చూసినంత సంతోషంగా. ఆయన చెప్పింది నిజమే. ఫ్రాన్స్ పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, స్పెయిన్ పట్టాలది 1668, ఈ టోపోది సరిగ్గా 1000. మన బ్రాడ్ గేజ్ 1676 కాబట్టి స్పెయిన్ పాత పట్టాలకూ మనవాటికీ తేడా ఎనిమిది మిల్లీమీటర్లేనని ఆయన అక్కడికక్కడే లెక్క చెప్పారు. 1864లో మాడ్రిడ్ నుంచి వచ్చిన పట్టాలు ఫ్రాన్స్ పట్టాలను ఇక్కడ కలిశాయి. వెడల్పు కుదరకపోవడంతో సరుకంతా ఈ ఊళ్లోనే ఒక బండి నుంచి మరో బండిలోకి మారేది. సుంకాల కచేరీ, రవాణా దళారులు, కూలీలు, వచ్చే పోయే విదేశీయులు అందరూ ఇక్కడే. ఆ సందడి మధ్యనే ఈ చిన్న ఊరికి ఫుట్‌బాల్ అబ్బింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. సరిహద్దు దాటినట్టే అనిపించకపోయినా, స్పెయిన్ నుంచి ఫ్రాన్స్ వైపు తిరిగి వచ్చేటప్పుడు ఫ్రెంచ్ పోలీసులు తనిఖీ చేయడం సాధారణం. నా నివాస కార్డు, మామయ్యగారి పాస్‌పోర్టు రెండుసార్లు చూపించవలసి వచ్చింది. పాస్‌పోర్టును బసలో వదిలి సాయంత్రం అవతలి ఒడ్డుకు షికారు వెళ్లడం మాత్రం చేయకండి.

వసతి విషయానికి వస్తే, మొదట సాన్ సెబాస్టియన్‌లోనే ఒక గది మాట్లాడుకున్నాను. లిఫ్టు ఉందని రాసిన ఆ బసలో లిఫ్టు రెండో అంతస్తు నుంచే మొదలవుతుందని, కింద నుంచి అక్కడి వరకూ మెట్లేనని ప్రయాణానికి వారం ముందు ఫోన్ చేస్తేగానీ తెలియలేదు. కట్టిన సొమ్ములో సగమే తిరిగి వచ్చింది. ఇరున్‌లో మేము దిగిన చిన్న పెన్సియోన్‌లో, అంటే సాదా బసలో, అంతకు సగం కన్నా కొంచెం ఎక్కువ ధరకే రెండు మంచాల గది దొరికింది. యజమానురాలికి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ అంతంతమాత్రం, అయినా వేడినీళ్లు కాచుకునే కెటిల్ కావాలని సైగ చేస్తే ఐదు నిమిషాల్లో తెచ్చి పెట్టింది. మామయ్యగారికి పొద్దున్నే వేడినీళ్లు లేనిదే రోజు మొదలవదు. గది వీధి వైపు ఉండడం వల్ల శనివారం రాత్రి ఒంటిగంట దాకా మాటల చప్పుడు వినిపించింది. నిద్ర తేలిక అయినవారు లోపలి వైపు గది అడిగి తీసుకోవాలి. కాలినడకన సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి యాత్ర చేసేవారికి ఉత్తర మార్గం ఇరున్‌లోనే మొదలవుతుంది కాబట్టి వారికోసం విడిగా యాత్రికుల సత్రం కూడా ఈ ఊళ్లో ఉంది. అది యాత్రా పత్రం ఉన్నవారికి ఉద్దేశించినది, మామూలు పర్యాటకులు చౌకగా ఉంటుందని అక్కడికి వెళ్లడం భావ్యం కాదు.

భోజనం గురించి నిజం చెప్పాలంటే, శాకాహారికి ఇక్కడ మొదటి రోజు కష్టం, మూడో రోజుకు సులువు. కౌంటరు మీద పేర్చిన పించోస్ అనే చిరుతిళ్లు అన్నిట్లోనూ కంటికి కనబడని చేప ముక్కో పంది మాంసమో ఉంటుందనుకుని అడిగి తీసుకోవాలి. వేయించిన పచ్చిమిరప కాయలు, ఉప్పు చల్లి ఇస్తారు, కారం దాదాపు ఉండదు, మామయ్యగారు రెండు పళ్లేలు తిన్నారు. గొర్రెపాలతో చేసే ఇదియసాబాల్ జున్ను, పుట్టగొడుగుల వేపుడు, టమోటా, రొట్టె దొరుకుతాయి. బంగాళాదుంప తోర్తీయా అంటే ఆమ్లెట్టే, అందులో గుడ్డు ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర లోపు తినకపోతే రాత్రి ఎనిమిదిన్నర వరకూ వంటగదులు మూసే ఉంటాయి. మొదటి రోజు ఈ సంగతి గ్రహించక నాలుగున్నరకు బయలుదేరి, చివరికి అరటిపళ్లూ పెరుగూ కొని గదిలో తిన్నాం.

రెండో రోజు ఆదివారం. సాయంత్రం మ్యాచ్ ఉంది. ఉదయం మామయ్యగారు విశ్రాంతి తీసుకుంటూ ఉండగా, నేను ఎందుకు ఇంత దూరం తీసుకొచ్చానో ఆయనకు మొదటి నుంచి చెప్పాను.

ఇరున్‌లో ముందు రెండు జట్లుండేవి: ఇరున్ స్పోర్టింగ్, రేసింగ్ క్లబ్. 1913లో స్పెయిన్ ఫుట్‌బాల్ రెండు సమాఖ్యలుగా చీలిపోయి, ఒకే ఏడు రెండు కప్పు పోటీలు జరిగాయి. ఒకదాన్ని బార్సిలోనా గెలిచింది, రెండోదాన్ని రేసింగ్ దె ఇరున్ బిల్బావోకు చెందిన అథ్లెటిక్ మీద, డ్రా అయిన తొలి మ్యాచ్ తరువాత మళ్లీ ఆడి, 1-0తో గెలిచింది. 1915లో ఆ రెండు ఊరి జట్లూ విలీనమై ‘యూనియన్’ అయ్యాయి, రాజు పదమూడో అల్ఫోన్సో ఇచ్చిన ‘రియల్’ బిరుదుతో రియల్ ఉనియోన్ అనే పేరు స్థిరపడింది. రేసింగ్ కప్పును తమ వారసత్వంగానే లెక్కలో కలుపుకుంటారు. మిగిలిన మూడూ కొత్త పేరుతో వచ్చినవి. 1918లో మాడ్రిడ్‌లోనే మాడ్రిడ్ జట్టును 2-0తో ఓడించారు. 1924లో సాన్ సెబాస్టియన్‌లోని అతోచా మైదానంలో మళ్లీ రియల్ మాడ్రిడ్‌నే 1-0తో ఓడించారు. 1927లో సారగోసాలో గేచో పట్టణానికి చెందిన ఆరేనాస్ జట్టును అదనపు సమయంలో 1-0తో ఓడించారు. ఆ చివరి మ్యాచ్‌లో రెండూ బాస్క్ జట్లే, రెండూ చిన్న ఊళ్ల జట్లే.

ఆ కాలపు మనుషుల్లో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు రెనె పెతీ. ఫ్రాన్స్‌లోని దాక్స్‌లో పుట్టి, ఇరున్ పక్కనే ఉన్న ఒందార్రిబియాలో పెరిగాడు. మాడ్రిడ్‌లో ఇంజినీరింగు చదువుకుంటూ 1917లో మాడ్రిడ్ జట్టుతో కప్పు గెలిచి, మరుసటి ఏడాది సొంత ఊరి వైపు వచ్చి అదే మాడ్రిడ్‌ను ఓడించిన జట్టులో ఆడాడు. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తరఫున బరిలోకి దిగాడు. ఆట మానిన తరువాత ఆనకట్టలు కట్టే ఇంజినీరుగా జీవించాడు. అదే ఒలింపిక్స్‌లో, 1920 ఆగస్టు 28న డెన్మార్క్ మీద స్పెయిన్ జాతీయ జట్టు తన మొట్టమొదటి మ్యాచ్ ఆడి 1-0తో గెలిచినప్పుడు, ఆ ఒక్క గోల్ కొట్టిన పాత్రీసియో అరబొలాసా ఇరున్‌వాడు, రియల్ ఉనియోన్ ఆటగాడు. అంటే స్పెయిన్ జట్టు చరిత్రలో మొదటి గోల్ ఈ ఊరిది. అలాగే లా లీగా చరిత్రలో మొదటి గోల్ కూడా ఒక విధంగా ఈ ఊరికే చెందుతుంది, కానీ కొట్టడంలో కాదు, ఇచ్చుకోవడంలో. 1929 ఫిబ్రవరి 10న ఎస్పాన్యోల్ ఆటగాడు పీతుస్ ప్రాత్స్ కొట్టిన బంతి వెళ్లింది రియల్ ఉనియోన్ గోల్‌లోకి. గోల్‌కీపర్ పేరు ఆంతోనియో ఎమెరీ. ఆయన కొడుకు కూడా గోల్‌కీపరే. మనవడు ఉనాయ్ ఎమెరీని ఇంగ్లీషు లీగు చూసే తెలుగువారు ఆస్టన్ విల్లా శిక్షకుడిగా ఎరుగుదురు. 1971లో ఒందార్రిబియాలో పుట్టిన ఈ మనవడి కుటుంబమే 2021లో రియల్ ఉనియోన్‌లో మెజారిటీ వాటా కొని, తాత జట్టు బాధ్యత నెత్తిన వేసుకుంది.

ఇంత జట్టు ఎందుకు కిందికి దిగిందని మామయ్యగారు అడిగారు. 1926లో స్పెయిన్‌లో జీతం ఇచ్చి ఆడించడం చట్టబద్ధమైంది. అప్పటి వరకూ ఊరి కుర్రాళ్లు ఊరికే ఆడేవారు, ఆ తరువాత డబ్బున్న నగరాలకు వెళ్లసాగారు. ఇరున్‌లో పుట్టిన లూయిస్ రెగెయిరో 1931లో మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. 1932లో జట్టు మొదటి శ్రేణి నుంచి జారిపోయి, మళ్లీ అక్కడికి ఎన్నడూ చేరలేదు. స్పెయిన్ అంతర్యుద్ధం వచ్చాక ఊరే మిగలలేదు. 1936 సెప్టెంబరు మొదటి వారంలో ఫ్రాంకో సేనలు పట్టణాన్ని చేజిక్కించుకునే సమయానికి, ఊరిని కాపాడలేక వెనుదిరుగుతున్న ఫ్రాంకో వ్యతిరేకుల్లో కొందరు పెట్టిన నిప్పుకు ఊరిలో పెద్ద భాగం బూడిదైంది. వేలమంది వంతెన మీదుగా ఆండాయ్‌కు పరిగెత్తారు. మరుసటి ఏడాది బాస్క్ ప్రభుత్వం తరఫున ఐరోపా అంతటా ఆడుతూ తిరిగిన జట్టుకు నాయకుడు ఆ రెగెయిరోనే. ఆ జట్టులో చాలామందిలాగే అతడూ అట్లాంటిక్ దాటి మెక్సికోలో స్థిరపడ్డాడు. రైలు కిటికీలోంచి చూసినవారికి ఇరున్ అందం లేని ఊరిలా కనిపించడానికి కారణం ఈ మంటలే. ఊరు మళ్లీ కట్టుకున్నది. పాత వీధులు కావాలనుకునేవారికి హున్‌కాల్ చర్చి పరిసరాలు, దాని దగ్గరే రోమన్ కాలపు ఓడరేవు అవశేషాలు ఉంచిన ఓయాస్సో ప్రదర్శనశాల, సాన్ హువాన్ కూడలిలోని పురపాలక భవనం మిగిలాయి. ప్రదర్శనశాల చిన్నదే, గంటన్నర సరిపోతుంది, కూర్చోవడానికి చోటుంది, వానరోజున మంచి ఆశ్రయం.

సాయంత్రం మైదానానికి నడిచే వెళ్లాం. ఇరున్ చిన్న ఊరు, మామయ్యగారి నడకతో కూడా అరగంట పట్టలేదు. 1926 నాటి ఈ మైదానం పేరు స్టేడియం గాల్. ఇరున్‌కు చెందిన సాల్వదోర్ ఎచెయాండియా గాల్ అనే పరిమళ ద్రవ్యాల వ్యాపారి పేరు అది. ఆయన సంస్థ తయారు చేసిన ‘ఏనో దె ప్రావియా’ సబ్బు స్పెయిన్ దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. మామయ్యగారు ఇంటికి పట్టుకెళ్లడానికి ఆరు కొన్నారు. ఈ యాత్రలో నేను చూసిన జ్ఞాపికలన్నిటిలో చవకైనదీ, కథ ఉన్నదీ అదొక్కటే.

టికెట్ గేటు దగ్గర కిటికీలోనే కొన్నాం, వరుస లేదు, తుళూజ్‌లో ఒక సినిమాకు అయ్యేదానికన్నా కొంచెమే ఎక్కువ. ఐదారు వేలమంది పట్టే ఆవరణలో ఆ రోజు ఎక్కువలో ఎక్కువ వెయ్యి మంది ఉండి ఉంటారు. అక్కడివారు సిరిమిరి అని పిలిచే సన్నటి తుంపర మొదలవడంతో కప్పు ఉన్న స్టాండ్‌లోనే టికెట్ తీసుకోమని గేటు దగ్గరి పెద్దాయన బలవంతపెట్టాడు, అది మంచి సలహా. తెల్ల చొక్కా, నల్ల నిక్కరు వీళ్ల రంగులు కాబట్టి బాస్క్ భాషలో ‘చురిబెల్ట్స్’ అంటారు, అంటే తెలుపునలుపువారు. అభిమానుల్లో ఎక్కువమంది ముసలివాళ్లూ, వాళ్లు చేయి పట్టుకుని తెచ్చిన మనవళ్లూ. బంతి పక్క గీత దాటినప్పుడల్లా శిక్షకుడి గొంతు, ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు, బూటు తడి గడ్డిని కోసే చప్పుడు మాకు స్పష్టంగా వినిపించాయి. బిల్బావోలోని సాన్ మామెస్ మైదానంలో ఇంతకు ముందు నేను చూసిన మ్యాచ్ ఒక మహోత్సవం, అక్కడి ప్రదర్శనశాల చాలా శ్రద్ధగా తీర్చిదిద్దినది, దాన్ని ఎవరికైనా సిఫారసు చేస్తాను. కానీ ఆటను ఆటగా, పది గజాల దూరం నుంచి, ఒక ఊరు తన పిల్లల్ని చూసుకున్నట్టు చూడాలంటే గాల్ మైదానమే సరి. మ్యాచ్ 1-1తో ముగిసింది. మా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడ విరామ సమయంలో మామయ్యగారికి ఒక కాగితం పొట్లంలోంచి వేడి వేరుశెనగలు పంచిపెట్టి, వేళ్లతో మూడు, రెండు అని చూపించి, “మాడ్రిడ్” అంది. నాకు వెంటనే అర్థమైంది.

2008 అక్టోబరు 30న ఇదే మైదానంలో, మూడో శ్రేణిలో ఆడుతున్న రియల్ ఉనియోన్ అప్పటి లీగ్ విజేత రియల్ మాడ్రిడ్‌ను రాజు కప్పు పోటీలో 3-2తో ఓడించింది. నవంబరు 11న మాడ్రిడ్‌లో జరిగిన రెండో మ్యాచ్‌లో 4-3తో ఓడిపోయింది. రెండు మ్యాచ్‌లూ కలిపితే ఆరుకు ఆరు. పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవారిదే పైచేయి అనే నిబంధన ప్రకారం ఇరున్ ముందుకు వెళ్లింది, రియల్ మాడ్రిడ్ ఇంటికి వెళ్లింది. ఆ మూడో గోల్ ఆట చివరి క్షణాల్లో వచ్చింది. 1918, 1924, 2008: మాడ్రిడ్‌కు ఈ ఊరు మూడుసార్లు అడ్డం తిరిగింది. ఆ మరుసటి వేసవిలోనే, అంటే 1965 తరువాత 44 ఏళ్లకు, జట్టు రెండో శ్రేణికి చేరి, ఒక్క ఏడాది ఉండి మళ్లీ దిగిపోయింది. ఆ పెద్దావిడ ఆ ఏటి సంగతులు ఇంకా చెప్పబోయింది కానీ రెండో సగం మొదలైంది.

మూడో రోజు తీరికగా తిరిగాం. ముందు బస్సులో ఒందార్రిబియా వెళ్లాం. ప్రాకారం లోపలి పాత ఊరు, రాళ్లు పరిచిన వీధులు, చెక్క బాల్కనీల ఇళ్లు, పైన ఐదో చార్లెస్ చక్రవర్తి పేరు మీద ఉన్న కోట, దాన్ని ప్రభుత్వ హోటల్‌గా మార్చారు. మేము బయటి నుంచే చూశాం. అందంలో ఇరున్‌కన్నా ఎంతో పైమాటే, కానీ పైకి ఎక్కే వీధుల్లో రాళ్లు వానకు జారుతాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు కింద, సముద్రం పక్కన ఉండే జాలరుల పేటలోనే కాలక్షేపం చేయడం మంచిది. భోజనం ధర ఇరున్‌లో కన్నా స్పష్టంగా ఎక్కువ, రుచిలో అంత తేడా నాకు తెలియలేదు. అక్కడి నుంచి అవతలి ఒడ్డున ఉన్న ఆండాయ్‌కు చిన్న పడవ నడుస్తుంది, పది నిమిషాలు కూడా పట్టదు, చార్జీ నామమాత్రం. నా దృష్టిలో ఈ యాత్రలో ఖర్చుకు తగిన ఫలం ఎక్కువగా దక్కినది దీనిలోనే. పడవవాడు మామయ్యగారి మోచేయి పట్టుకుని ఎక్కించాడు, దింపాడు. ఆటుపోట్లను బట్టి మెట్ల ఎత్తు మారుతుంది కనుక పెద్దవారితో వెళ్లేవారు నీటిమట్టం ఎక్కువగా ఉన్న వేళ చూసుకుని ఎక్కాలి.

సాయంత్రం టాక్సీలో ఫైసానెస్ దీవి ఒడ్డుకు వెళ్లాం. బిదసోవా మధ్యలో చెట్లున్న చిన్న లంక అది. 1659లో స్పెయిన్, ఫ్రాన్స్‌ల మధ్య పిరెనీస్ సంధి ఇక్కడే కుదిరింది, మరుసటి ఏడాది పద్నాలుగో లూయీకి వధువును అప్పగించిందీ ఇక్కడే. ఈ లంక ఏడాదిలో ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్స్‌ది. ఫిబ్రవరి నుంచి జూలై వరకూ స్పెయిన్, ఆగస్టు నుంచి జనవరి వరకూ ఫ్రాన్స్ పాలిస్తాయి కాబట్టి మేము చూసినప్పుడు అది ఫ్రాన్స్ ఆధీనంలో ఉంది. లోపలికి అనుమతి లేదు, ఒడ్డు నుంచి పది నిమిషాలు చూస్తే చాలు. దీనికోసమే ఒక పూట కేటాయించమని నేను చెప్పను. సమయం మిగిలితే ఊరి మీదుగా లేచిన సాన్ మార్సియాల్ కొండకు టాక్సీ మాట్లాడుకోండి. నది, రెండు దేశాలు, అఖాతం, పక్కపక్కన మూడు ఊళ్లు ఒక్క చూపులో అందుతాయి. 1522లో ఇక్కడ జరిగిన యుద్ధం జ్ఞాపకంగా ప్రతి జూన్ 30న ఊరంతా కవాతు చేస్తుంది. ఆ రోజుల్లో ఇరున్‌లో గది దొరకడం కష్టం, చాలా ముందుగా చూసుకోవాలి.

చివరి రోజు ఇరున్‌ నుంచి సామాను సర్దుకుని బిల్బావో వెళ్లి, అక్కడొక రాత్రి ఉండి మరునాడు తిరుగు ప్రయాణం కట్టాలనుకున్నాం. సాన్ సెబాస్టియన్ నుంచి బిల్బావోకు మీటర్ గేజ్ రైలు కూడా ఉంది, కానీ కొండల మధ్య మెలికలు తిరుగుతూ రెండున్నర గంటలకు పైగా తీసుకుంటుంది. బస్సయితే గంటంపావు. మామయ్యగారు రైలే కావాలన్నారు. దృశ్యం బాగుంటుంది, పెట్టెలో మూత్రశాల లేదని మాత్రం ఎక్కిన తరువాతే తెలిసింది. పెద్దవారితో వెళ్లేవారు బస్సునే ఎంచుకోవాలని నా స్పష్టమైన అభిప్రాయం. సాన్ సెబాస్టియన్‌లో రైలు మారే వ్యవధిలో 1924 ఫైనల్ జరిగిన అతోచా మైదానం ఉన్న చోటికి వెళ్లాను. ఇప్పుడక్కడ ఇళ్లున్నాయి.

బిల్బావోలో దిగిన మధ్యాహ్నమే మెట్రో ఎక్కి గేచో వెళ్లాం, 1927 ఫైనల్‌లో ఓడిన ఆరేనాస్ ఊరికి. 1909లో పుట్టిన ఈ జట్టు 1919లో బార్సిలోనాను 5-2తో ఓడించి కప్పు గెలిచింది. లా లీగా ఆరంభ జట్లలో ఇదీ ఒకటి. 1929-30లో మూడో స్థానంలో నిలిచింది, 1935లో దిగిపోయింది. నిజానికి లీగు మొదటి పది జట్లను ఎన్నుకున్న విధానమే ఈ చిన్న ఊళ్లకు చోటిచ్చింది: కప్పు గెలిచిన ఆరు జట్లు, ఫైనల్ దాకా వచ్చిన మూడు, అర్హత పోటీలో నెగ్గిన ఒకటి. ఆ పదిలో నాలుగు బాస్క్ జట్లు. అరీతా స్టేషన్‌లో దిగితే నెర్వియోన్ నది మీద 1893లో కట్టిన వేలాడే రవాణా వంతెన ఉంది. నీటికి 45 మీటర్ల ఎత్తున ఇనుప దూలం, దానికి తాళ్లతో వేలాడే పెట్టెలో మనుషులూ కార్లూ నది దాటుతాయి, రెండు నిమిషాలు కూడా పట్టదు. యునెస్కో 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పై వంతెన మీద నడవడానికి వేరే టికెట్ ఉంది. మేము కింది పెట్టెలోనే వెళ్లి వచ్చాం. మామయ్యగారు దాని చక్రాల దగ్గర నిలబడి మూడుసార్లు అటూ ఇటూ ప్రయాణం చేశారు.

అక్కడి నుంచి తరువాతి స్టేషన్ పేరు గోబేలా, ఆరేనాస్ మైదానం పేరూ అదే. ఆ రోజు మ్యాచ్ లేదు. గేటు తెరిచి ఉంది, లోపల ఎరుపు నలుపు చారల చొక్కాల్లో పదేళ్ల పిల్లలు సాధన చేస్తున్నారు, గట్టు మీద తల్లిదండ్రులు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ మమ్మల్ని ఆపలేదు, ఎందుకు వచ్చారని అడగలేదు. మామయ్యగారు ఒక సిమెంటు మెట్టు మీద రుమాలు పరుచుకుని కూర్చుని, ఇరున్ జట్టూ ఈ జట్టూ ఇప్పుడు కూడా ఆడతాయా అని అడిగారు. ఒకే గ్రూపులో పడినప్పుడు ఆడతాయని చెప్పాను. వచ్చే ఏడు లీగు పట్టిక వెలువడగానే ఆ తేదీ చూసి తనకు ఫోన్ చేయమన్నారు, టికెట్ తానే తీసుకుంటానన్నారు. సెలవు ఆ తేదీని బట్టే పెట్టుకుంటాను.